చిప్పుల్లో తాలు

మన ఐటీ వాళ్ళలో ఎక్కడా రాసిపెట్టని ఒక వరస ఉంది. అందరికన్నా పైన ఆర్కిటెక్టు, ఆయన కింద డెవలపరు, అట్టడుగున టెస్టరు. పెళ్ళిచూపుల్లో "అబ్బాయి డెవలప్‌మెంటా, టెస్టింగా?" అని అడిగే మేనమామలు కూడా తయారయ్యారు. కోడ్ రాసేవాడు ఏదో కడుతున్నట్టూ, అందులో తప్పు పట్టేవాడు ఊరికే అడ్డం పడుతున్నట్టూ ఒక అభిప్రాయం మనలో బాగా పాతుకుపోయింది.

మనందరి జీతాలకీ ఆధారమైన సిలికాన్ చిప్పు చరిత్ర తిరగేస్తే మాత్రం ఈ వరస తలకిందులుగా కనిపిస్తుంది. చిప్పు ఎలా చెయ్యాలో తెలిసినవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. చేసినదాంట్లో ఎక్కడ, ఎందుకు పాడైందో పట్టుకోవడం చేతనైనవాళ్ళే ఆ వ్యాపారంలో మిగిలారు. 2006 లో హైదరాబాద్ పక్కన ఫ్యాబ్ సిటీ వస్తుందని చెప్పుకున్న రోజుల నుంచి, 2025 లో ఆంధ్రప్రదేశ్‌కి చిప్ ప్యాకేజింగ్ ప్లాంటు మంజూరైన దాకా, మనం ఎకరాల గురించీ కోట్ల గురించీ మాట్లాడుకున్నంతగా ఈ సంగతి మాట్లాడుకోలేదు. అందుకే ఈ టపా. కొంచెం పెద్దదే, టీ తెచ్చుకుని కూర్చోండి :)

ముందు రెండు మాటలు మా ఊరి నుంచి అప్పు తెచ్చుకుంటా. మాది పెద్దవంగర. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 లో జిల్లాలు విడగొట్టినప్పుడు మహబూబాబాద్ జిల్లాలో మండలం అయ్యింది. మా దిక్కు వరి, పత్తి, మిర్చి. కాబట్టి రెండు మాటలు మాకు పుట్టుకతోనే వస్తాయి: దిగుబడి, తాలు. దిగుబడి అంటే ఎకరానికి ఎంత చేతికొచ్చిందని. తాలు అంటే పైకి గింజలాగే ఉండి లోపల బియ్యం లేనిది. మిర్చిలో అయితే రంగు పోయి తెల్లబారిన కాయ. కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసినప్పుడు తేమ 17 శాతం దాటిందా, తాలు ఎంతుంది అని చూసి తరుగు తీస్తారు. రైతు ఎంత పండించాడన్నది ఒక లెక్క, తాలు పోగా ఎంత మిగిలిందన్నది ఇంకో లెక్క. డబ్బులొచ్చేది రెండో లెక్కకే.

చిప్పుల ఫ్యాక్టరీ కూడా సరిగ్గా ఈ రెండో లెక్క మీదే నడుస్తుంది. (చిప్ప అంటే మన భాషలో వేరే అర్థం ఉంది లెండి, ఈ లెక్క తప్పితే కంపెనీ చేతికి వచ్చేది అదే.) సిలికాన్‌ని గుండ్రటి పలచటి బిళ్ళలుగా కోస్తారు, వాటినే వేఫర్లు అంటారు. ఇప్పటి పెద్ద ఫ్యాక్టరీల్లో వేఫర్ వ్యాసం 300 మిల్లీమీటర్లు, అంటే మనం అన్నం తినే కంచం అంత. దానిమీద వందలకొద్దీ చిప్పులు పక్కపక్కనే ఒకేసారి తయారవుతాయి. పూత పూయడం, వెలుగుతో బొమ్మ అచ్చువెయ్యడం, తొలచడం, నునుపు చెయ్యడం.. ఇలాంటివి వందల అంచెలు దాటాక ముక్కలుగా కోస్తారు. అన్నీ పనిచెయ్యవు. నూటికి ఎన్ని పనిచేశాయో దాన్ని యీల్డ్ అంటారు, అంటే మన దిగుబడే. వేఫర్ తయారుచెయ్యడానికి అయ్యే ఖర్చు మాత్రం నూటికి ఇరవై పనిచేసినా తొంభై పనిచేసినా దాదాపు ఒక్కటే.

ఇంజనీరింగ్‌లో చదివి మర్చిపోయిన పాయిజాన్ లెక్క ఇక్కడ పనికొస్తుంది. చదరపు సెంటీమీటరుకి సగటున ఒక లోపం ఉందనుకోండి, అవి ఎక్కడపడితే అక్కడ పడ్డాయనుకోండి. పావు చదరపు సెంటీమీటరు చిప్పులు చేస్తే సుమారు 78 శాతం బాగుంటాయి. ఒక చదరపు సెంటీమీటరు చిప్పులైతే 37 శాతం. నాలుగు చదరపు సెంటీమీటర్లయితే నూటికి రెండు కూడా మిగలవు. నిజానికి లోపాలు అంత సమానంగా పడవు, కొన్నిచోట్ల గుంపులుగా పడతాయి. 1964 లో బెల్ ల్యాబ్స్‌లో మర్ఫీ అనే ఆయన ఆ సంగతి కలుపుకుని లెక్క సవరించాడు. ఎలా లెక్కేసినా సారాంశం ఒకటే. పెద్ద చిప్పు చెయ్యాలంటే ముందు లోపాలు తగ్గాలి, తగ్గించాలంటే ముందు అవి కనపడాలి.

ఈ "కనపడటం" అన్నదే అసలు కథ. అది చిప్పు కన్నా ముందే, స్ఫటికం దగ్గర మొదలైంది.

1916 లో యాన్ చోక్రాల్‌స్కీ అనే పోలండ్ శాస్త్రవేత్త కరిగిన లోహంలోంచి స్ఫటికాన్ని పైకి లాగే పద్ధతి కనిపెట్టాడు. సిరాబుడ్డిలో ముంచబోయిన కలాన్ని పొరపాటున కరిగిన తగరంలో ముంచాడనీ, పైకి తీస్తే సన్నటి తీగ వచ్చిందనీ చెప్పుకుంటారు. 1947 లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టాక ఆ పద్ధతికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఎందుకంటే మొదటి ట్రాన్సిస్టర్లు ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో చేసినవాళ్ళకే తెలిసేది కాదు. అదే బెల్ ల్యాబ్స్‌లో గోర్డన్ టీల్, ఒకే స్ఫటికంగా పెరిగిన పదార్థం కావాలని పట్టుబట్టాడు. విలియం ఫాన్ అనే ఆయన 1950ల మొదట్లో జోన్ రిఫైనింగ్ అనే పద్ధతి తెచ్చాడు. కడ్డీలో ఒక చిన్న భాగాన్నే కరిగించి, ఆ కరిగిన పట్టీని ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా జరిపితే మలినాలు దాంతో పాటు కొట్టుకుపోతాయి. దాంతో జెర్మేనియంలో మలినం వెయ్యి కోట్ల అణువులకి ఒకటి స్థాయికి దిగింది.

మలినం పోయింది, సరే. కానీ స్వచ్ఛమైన స్ఫటికంలో కూడా అణువుల వరస అక్కడక్కడా తప్పుతుంది. దాన్ని డిస్‌లొకేషన్ అంటారు. అది బయటికి కనపడదు. 1956 లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో విలియం డాష్ అనే ఆయన దాన్ని చూపించాడు. చాలా తెలివైన పని చేశాడు. సిలికాన్‌లోకి రాగిని ఇంకించాడు. రాగి పోయి ఆ వరస తప్పిన గీతల వెంటే పేరుకుంటుంది. సిలికాన్ మన కంటికి అద్దంలా కనపడదు గానీ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి పారదర్శకం. ఆ వెలుగులో చూస్తే రాగి పేరుకున్న గీతలన్నీ నల్లగా తేలాయి. లోపం కనపడ్డాక మందు కూడా ఆయనకే దొరికింది. స్ఫటికాన్ని లాగడం మొదలుపెట్టేటప్పుడు కొన్ని మిల్లీమీటర్ల సన్నటి మెడలాగా లాగితే ఆ గీతలు పక్కలకి వెళ్ళి అంతమైపోతాయి. ఆ తర్వాత లావు చేసుకోవచ్చు. వంద కిలోలు దాటే ఇప్పటి సిలికాన్ దుంగలు కూడా ఆ సన్న మెడతోనే మొదలవుతాయి. వరస గమనించారా? ముందు చూడటం, తర్వాతే బాగుచెయ్యడం.

రెండో ఘట్టం ఫెయిర్‌చైల్డ్ కంపెనీది, ఇది నాకు బాగా ఇష్టమైనది. 1957 లో పెట్టిన ఆ కంపెనీ అమ్మే ట్రాన్సిస్టర్లు చిన్న లోహపు డబ్బాల్లో ఉండేవి. కొన్ని ఉన్నట్టుండి పనిచెయ్యడం మానేసేవి. ఎందుకా అని చూస్తే డబ్బా లోపల రాలిన కంటికి కనపడని లోహపు నలుసు ట్రాన్సిస్టర్ మీద పడి షార్ట్ అవుతోంది. పరీక్ష ఎలా చేశారో తెలుసా? పెన్సిల్‌తో డబ్బాని టకటకా కొట్టడం! కొట్టినప్పుడు పాడైతే తాలు, పాడవకపోతే గట్టిగింజ. క్షిపణుల్లో పెట్టే సరుకుకి ఈ పెన్సిల్ పరీక్షా అని నవ్వొస్తుంది గానీ, ఆ తలనొప్పిలోంచే గొప్ప విషయం బయటికొచ్చింది. అక్కడే పనిచేసే జీన్ హోర్నీ, సిలికాన్ మీద పెరిగే ఆక్సైడ్ పొరని తీసెయ్యకుండా అలాగే ఉంచి దాన్నే కవచంగా వాడొచ్చన్నాడు. 1959 లో చేసి చూపించాడు. నలుసు పడినా ఏమీ కాలేదు. అదే ప్లేనార్ పద్ధతి. రాబర్ట్ నాయిస్ ఆ చదునైన ఆక్సైడ్ మీదే లోహపు తీగలు పరిచి అదే ఏడాది తన ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ ఆలోచనకి రూపం ఇచ్చాడు. ఇప్పుడు మనం వాడే చిప్పులన్నిటికీ తాతముత్తాత అదే. పెన్సిల్‌తో తట్టి తాలు ఏరిన పని లేకపోతే హోర్నీ ఆలోచన అంత తొందరగా కాగితం దాటి బయటికొచ్చేది కాదు.

నలుసు సంగతి వచ్చింది కాబట్టి దుమ్ము గురించి కూడా చెప్పుకోవాలి. అమెరికాలో సాండియా ల్యాబ్స్‌లో విల్లిస్ విట్‌ఫీల్డ్ 1960ల మొదట్లో ఆధునిక క్లీన్‌రూమ్ కనిపెట్టాడు. అంతకుముందు గదిని కడిగీ తుడిచీ శుభ్రం చేసేవాళ్ళు. మనుషులు కదిలితే మళ్ళీ దుమ్మే. ఈయన వడకట్టిన గాలిని ఒకే దిశలో నిదానంగా, ఆగకుండా వదిలాడు. లేచిన దుమ్మల్లా గాలితో పాటే బయటికి పోయింది. కణాలు లెక్కపెట్టే యంత్రం దాదాపు సున్నా చూపిస్తే యంత్రమే పాడైందేమో అనుకున్నారట. కొలిచే సాధనం లేకపోతే ఆ గది గొప్పదని తెలిసేదే కాదు.

ఇన్ని చేసినా 1960లు, 70లలో వేఫర్‌ని చూసేది మనిషి కన్నే. మైక్రోస్కోపుల ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్ళ ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఫెయిర్‌చైల్డ్ 1963 లో హాంకాంగ్‌లో, 1965 లో న్యూమెక్సికోలోని షిప్‌రాక్ అనే నవాహో ఆదివాసీల ఊళ్ళో ప్లాంట్లు పెట్టింది. సన్నటి పని, చురుకైన వేళ్ళు, తక్కువ జీతం.. ఇదీ లెక్క. మిర్చి కల్లంలో తాలు ఏరేది కూడా ఆడవాళ్ళే, కూలీ తక్కువ వచ్చేదీ ఆ పనికే. సరుకు ధర నిలబెట్టే పనికి అన్నిటికన్నా తక్కువ కూలీ ఇవ్వడం అమెరికాలోనూ అదే, మా దగ్గరా అదే.

చిప్పు మీద గీతలు సన్నబడుతున్నకొద్దీ కన్ను చాలలేదు. 1970ల మధ్యలో కాలిఫోర్నియాలో రెండు కంపెనీలు పుట్టాయి. కెన్ లెవీ, బాబ్ ఆండర్సన్ కలిసి పెట్టిన కె.ఎల్.ఏ ఒకటి. కారెల్ అర్బానెక్, జాన్ ష్వాబాకర్ పెట్టిన టెన్‌కార్ ఇంకొకటి. 1997 లో ఇవి రెండూ కలిసిపోయాయి. వీళ్ళు చిప్పులు చెయ్యరు. లోపాలు వెతికే యంత్రాలు చేస్తారు. ఆ ఒక్క పని మీదే ప్రపంచంలో పెద్ద కంపెనీల్లో ఒకటైంది.

కె.ఎల్.ఏ మొదట మాస్కుల మీద పడింది. మాస్కు అంటే ఫొటో నెగటివ్ లాంటిది, దాంట్లోంచి వెలుగు పంపి వేఫర్ మీద బొమ్మ అచ్చేస్తారు. నెగటివ్ మీద ఒక్క మచ్చ ఉంటే ప్రతి ప్రింటు మీదా ఉంటుంది. మనిషి గంటలకొద్దీ వెతికే మచ్చని యంత్రం నిమిషాల్లో పట్టింది. ఎలా పట్టిందో వింటే మనకి నవ్వొస్తుంది, ఎందుకంటే అది మనం రోజూ చేసే డిఫ్! పక్కపక్కన ఉన్న రెండు బొమ్మలు ఒకేలా ఉండాలి కదా. ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తే మిగిలిందే లోపం. మరి ఆ రెండింట్లో దేంట్లో ఉంది? మూడోదాంతో పోలిస్తే తెలిసిపోతుంది.

టెన్‌కార్ వాళ్ళది వేరే దారి. ఇంకా ఏమీ అచ్చెయ్యని వట్టి వేఫర్ అద్దంలా ఉంటుంది. దానిమీద లేజర్ కిరణం తిప్పితే వెలుగంతా ఒకే దిక్కుకి పోతుంది. నలుసు ఉన్నచోట మాత్రం పక్కలకి చెదురుతుంది. చీకటి గదిలో కిటికీ సందులోంచి ఎండ పడ్డప్పుడు దుమ్ము మెరిసినట్టన్నమాట. చిక్కేమిటంటే వెలుగు తరంగం కన్నా బాగా చిన్న నలుసు సైజు సగమైతే, అది చెదరగొట్టే వెలుగు 64 వంతులకి పడిపోతుంది. కాబట్టి చిప్పు కొత్త తరానికి వెళ్ళిన ప్రతిసారీ దాన్ని చూసే కన్నుని మళ్ళీ కొత్తగా కనిపెట్టాల్సిందే. వెలుగు చాలని చోట ఎలక్ట్రాన్ కిరణం వాడతారు, కాకపోతే అది బాగా నిదానం.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా తెలిసిన తలనొప్పి ఒకటుంది. యంత్రం పట్టుకున్న ప్రతీదీ లోపం కాదు. రంగు కొంచెం తేడా ఉన్నా, పొర మందం కాస్త మారినా అలారం కొడుతుంది. సెన్సిటివిటీ పెంచితే వేలల్లో అబద్ధపు అలారాలు, తగ్గిస్తే అసలుది తప్పించుకుంటుంది. ప్రొడక్షన్ సర్వర్‌కి మానిటరింగ్ పెట్టినవాళ్ళకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. అసలు విద్య ఆ తర్వాతే మొదలవుతుంది. లోపాలన్నీ వేఫర్ బొమ్మ మీద చుక్కలుగా పెట్టి చూస్తారు. చుక్కలు వంపు గీతలాగా ఉంటే నునుపు చేసే యంత్రం గీరిందేమో చూడాలి. అంచు చుట్టూ ఉంగరంలా ఉంటే పూతలోనో, వేఫర్‌ని పట్టుకునే చోటో అనుమానం. ప్రతి చిప్పులోనూ ఒకే చోట ఉంటే మాస్కుని తియ్యాల్సిందే. ఎర్రర్ లాగ్ చూసి ఎక్కడ తప్పు జరిగిందో వెనక్కి వెళ్ళడం లాంటిదే ఇది. ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ లైన్ మీద వేల వేఫర్లు చూసినవాడి బుర్రలో ఉంటుంది.

దీని విలువ ఎంతో అమెరికాకి 1980 లో తెలిసొచ్చింది. ఆ సంవత్సరం మార్చిలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీకి చెందిన రిచర్డ్ ఆండర్సన్ ఒక సభలో తమ లెక్కలు బయటపెట్టాడు. మూడు అమెరికా కంపెనీలవీ, మూడు జపాన్ కంపెనీలవీ మెమరీ చిప్పులు తీసుకుని పోలిస్తే, జపాన్ వాటిలో అన్నిటికన్నా నాసిరకం కూడా అమెరికా వాటిలో మేలురకం కన్నా చాలా తక్కువగా పాడైంది. చిప్పు కనిపెట్టింది అమెరికా, మెమరీ చిప్పుకి పేరు తెచ్చింది ఇంటెల్. కానీ 1985 లో ఇంటెల్ ఆ మెమరీ వ్యాపారంలోంచే తప్పుకుంది. ధరల పోటీతో సహా కారణాలు చాలా ఉన్నాయి, నాణ్యత వాటిలో పెద్దది.

ఇంతసేపూ బయటి కథే చెప్పాను. మరి ఇందులో మనవాళ్ళెక్కడ?

లోపాలు వెతకడంలో రెండు రకాలున్నాయి. ఇప్పటిదాకా చెప్పింది కంటితో చూసేది. రెండోది, చిప్పు పూర్తయ్యాక లోపల చూడలేం కాబట్టి బయటి నుంచి సంకేతాలు పంపి జవాబు సరిగ్గా వస్తుందా అని చూడటం. ఈ రెండో దాంట్లో ప్రపంచమంతా గౌరవించే పేరు సుధాకర్ ఎం. రెడ్డి. ఉస్మానియాలో ఇంజనీరింగ్, బెంగళూరు ఐఐఎస్‌సీలో పైచదువు, అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్. 1968 లో అక్కడే అధ్యాపకుడిగా చేరాడు. 1972 లో ఆయన రాసిన ఒక పేపర్ సంగతి చెప్తా. 20 ఇన్‌పుట్‌లు ఉన్న సర్క్యూట్‌ని అన్ని రకాలుగా పరీక్షించాలంటే పది లక్షల పైచిలుకు పరీక్షలు కావాలి. సర్క్యూట్‌ని ఒక ప్రత్యేకమైన పద్ధతిలో కడితే, ఇన్‌పుట్ తీగలు బాగున్నాయనుకుంటే, లోపల ఏ ఒక్క గేటు దగ్గర సంకేతం 0 దగ్గరో 1 దగ్గరో ఇరుక్కుపోయినా 24 పరీక్షలతో పట్టెయ్యొచ్చని చూపించాడు. ఎన్ని ఇన్‌పుట్‌లు ఉంటే అన్నీ, వాటికి నాలుగు కలిపితే చాలు! ఆ సర్క్యూట్ ఏ పని చేస్తుందన్నదాంతో కూడా సంబంధం లేదు. 1987 లో చిన్ జెన్ లిన్‌తో కలిసి, జవాబు సరైనదే అయినా ఆలస్యంగా వచ్చే లోపాలని నమ్మకంగా పట్టే పరీక్షల మీద రాశాడు. పరీక్షకి లొంగేలా డిజైన్ చెయ్యాలి అన్న ఆలోచన ఈ పనులన్నిటికీ మూలం. మనం యూనిట్ టెస్టుల గురించి ఇప్పుడు గొప్పగా చెప్పుకునేది అదే కదా.

తెలుగువాళ్ళకి ఈ విద్య అబ్బదనడానికి లేదని చెప్పడానికే ఇదంతా. హైదరాబాద్‌కి ఎలక్ట్రానిక్స్ కూడా కొత్తకాదు. మొగల్లు నుంచి వచ్చిన ఏ.ఎస్. రావు గారి చేతుల మీద 1967 లో ఈసీఐఎల్ మొదలైంది. రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో గేటెక్ అనే గాలియం ఆర్సెనైడ్ చిప్పుల కేంద్రం హైదరాబాద్‌లోనే నడుస్తోంది, రాడార్లలాంటి వాటికి కావలసిన చిప్పులు అక్కడ చేస్తారు. గాలియం ఆర్సెనైడ్ సిలికాన్ కన్నా పెళుసు, లోపాలు కూడా ఎక్కువ. కరిగించిన క్షారంలో ఉంచి పైకి తేలిన గుంటల్ని చదరపు సెంటీమీటరుకి ఎన్నని లెక్కపెట్టడం ఆ పదార్థానికి వాడే పాత పరీక్ష. ఇక సి-మెట్ హైదరాబాద్ కేంద్రంలో అత్యంత స్వచ్ఛమైన పదార్థాల మీద పని జరుగుతోంది, ఫాన్ గారి జోన్ రిఫైనింగ్ వారసత్వమే అది. ఇవి చిన్న స్థాయిలో, ఎక్కువగా ప్రభుత్వ అవసరాల కోసం నడిచేవి. బజారులో అమ్ముడుపోయే సిలికాన్ చిప్పు అనేది మాత్రం రాలేదు.

దేశం మొత్తం మీద చూస్తే మొహాలీలో సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1984 లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 5 మైక్రాన్ల గీతలతో మొదలై కొద్ది ఏళ్ళలోనే 0.8 మైక్రాన్ల దాకా వచ్చింది. 1989 ఫిబ్రవరి 7 న అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మళ్ళీ నిలబెట్టడానికి ఏళ్ళు పట్టింది. యంత్రాలైతే కొనుక్కోవచ్చు. రోజూ వేఫర్లు చూస్తూ ఉంటేనే పెరిగే ఆ జ్ఞానం మాత్రం లైన్ ఆగిన రోజే ఆగిపోతుంది. రెండు పంటలు బీడు పెట్టిన చేనులో మూడో ఏడు కలుపు ఎలా ఉంటుందో రైతుని అడగండి.

ఇక ఫ్యాబ్ సిటీ. 2006 లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం సెమ్‌ఇండియా అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. 300 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏఎండీ సాంకేతికత, శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో మహేశ్వరం వైపు 1200 ఎకరాలు. అప్పుడు నేను చిన్న పిల్లాణ్ణి, పాత పేపర్లు తిరగేసి తర్వాత తెలుసుకున్నదే. ఆశ్చర్యమేమిటంటే సెమ్‌ఇండియా నడిపిన వినోద్ అగర్వాల్ అంతకుముందు లాజిక్‌విజన్ అనే కంపెనీ పెట్టిన మనిషి. చిప్పు తనని తానే పరీక్షించుకునే పద్ధతులు దాని వ్యాపారం. అంటే లోపాల సంగతి బాగా తెలిసినవాడే. ఆయనకి తెలిసినా కథ అక్కడిదాకా రాలేదు. కేంద్రం విధానం 2007 లో గానీ రాలేదు, పెట్టుబడి సమకూరలేదు, 2008 లో ప్రపంచమంతా మాంద్యం. ఫ్యాబ్ రాలేదు. ఆ భూమిలో కొంత సోలార్ కంపెనీలకి వెళ్ళింది.

కాబట్టి ఫ్యాబ్ సిటీని చంపింది తాలు కాదు, డబ్బూ ఆలస్యమూ. అది ఒప్పుకోవాలి. కానీ ఒక్కటి ఆలోచించండి. డబ్బు వచ్చి, గోడలు లేచి, యంత్రాలు దిగినా మొదటి వేఫర్ బయటికొచ్చిన రోజు నుంచి అసలు పరీక్ష మొదలయ్యేది. ఆ పరీక్షకి కావలసిన కొన్ని వందలమంది ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్న ఆ పేపర్లలో వెతికితే నాకు పెద్దగా కనపడలేదు. విత్తనాలూ ట్రాక్టరూ లెక్కేసుకుని, కలుపు తీసేవాళ్ళని లెక్కలో వేసుకోనట్టు.

ఇప్పుడు మళ్ళీ రోజులొచ్చాయి. 2021 డిసెంబర్‌లో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ పథకం ప్రకటించింది. 2025 ఆగస్టు 12 న ఆమోదం పొందిన నాలుగు ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌ది. అసిప్ టెక్నాలజీస్ అనే సంస్థ దక్షిణ కొరియాకి చెందిన అపాక్ట్‌తో కలిసి ఏటా 9 కోట్ల 60 లక్షల చిప్పులు ప్యాకేజింగ్ చేస్తుందని ప్రకటన. "ప్యాకేజింగేనా, అట్టపెట్టెల్లో సర్దడమేగా" అని తేలిగ్గా తీసుకునేవాళ్ళని చూశాను. అక్కడే పప్పులో కాలేస్తున్నాం.

కోసిన చిప్పుని సబ్‌స్ట్రేట్ అనే ఒక పలచటి పలక మీద అతికిస్తారు. రాగి తీగల పొరలూ, వాటి మధ్య ఇన్సులేషన్ పొరలూ కలిపి చేసిన పలక అది. చిప్పుకీ బయటి ప్రపంచానికీ మధ్య వంతెన. దాంట్లో సన్నటి తీగ తెగినా, రెండు తీగలు అంటుకున్నా, అతికించిన టంకం బొట్టులో గాలి బుడగ ఉన్నా అన్ని వందల అంచెలు దాటి వచ్చిన మంచి చిప్పు కూడా తాలే. బుడగలు చూడ్డానికి ఎక్స్‌రే, పొరలు విడిపోయాయేమో చూడ్డానికి నీళ్ళలో ముంచి అల్ట్రాసౌండ్, పైపైన గీతలకి కెమెరా. ఒక్కోసారి ఇవేవీ పట్టనిది కూడా ఉంటుంది. 1978 లో ఇంటెల్ మెమరీ చిప్పుల్లో 0 ఉన్నచోట 1, 1 ఉన్నచోట 0 అవుతుంటే టిమోతీ మే, మరే వుడ్స్ అనే ఇద్దరు వెతికి వెతికి, చిప్పుని పెట్టిన సిరామిక్ ప్యాకేజీలోనే అతి సూక్ష్మంగా రేడియోధార్మిక పదార్థం ఉందనీ, దాని ఆల్ఫా కణాలే బిట్లు తిప్పుతున్నాయనీ తేల్చారు. అట్టపెట్టె అనుకున్నదే దొంగ!

నా బాధ ఏమిటంటే, ఇలాంటి ప్లాంటుల్లో చాలా ఉద్యోగాలు చూసేవాళ్ళవే. మా మండలం లాంటి చోట్ల నుంచి డిప్లొమా చదివి వెళ్ళే పిల్లలు కూర్చునేది ఆ ఎక్స్‌రే తెరల ముందూ, ఆ చుక్కల మ్యాపుల ముందూ. వాళ్ళని కాంట్రాక్టు మీద తీసుకుని, రోజుకి ఇన్ని ముక్కలు చూడాలని టార్గెట్ పెట్టి, ఆరు నెలలకోసారి మార్చేస్తే వేఫర్ చూసిన కన్ను వాళ్ళతో పాటే గేటు దాటిపోతుంది. ప్లాంటు మన నేల మీద ఉంటుంది, విద్య మాత్రం ఇక్కడ మిగలదు. అదే వాళ్ళకి చుక్కల వెనక కారణం వెతకడం నేర్పించి, డిజైన్ చేసినవాడితో సమానంగా కూర్చోబెడితే పదేళ్ళలో మనకి ఇంకెవరూ ఎత్తుకుపోలేనిది మిగులుతుంది.

కాబట్టి ఈసారి చిప్పుల ప్లాంటు ప్రకటన వచ్చినప్పుడు ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు అన్నదాని దగ్గర ఆగకండి. అక్కడ తాలు ఎవరు చూస్తారు, వాళ్ళ జీతం ఎంత, తప్పు కనపడితే లైన్ ఆపే అధికారం వాళ్ళకి ఉందా అని అడగండి. ఇదే ప్రశ్న మన ఆఫీసుల్లో కూడా అడగొచ్చు. రేపు శుక్రవారం సాయంత్రం రిలీజ్ ముందు "ఇది వెళ్ళడానికి వీల్లేదు" అని మీ టెస్టర్ అంటే, ఆ మాట అక్కడ చెల్లుతుందా?